నియమాలు అందరివి, పేర్లు కంపెనీలవి

అమెరికా ఆటల పరిశ్రమలో పాతికేళ్ల ‘ఉచిత లైసెన్సు’ ప్రయోగం

కత్తులు, మంత్రాలు, రాక్షస గుహలతో నిండిన తన ఆట నియమావళిని ఎవరైనా వాడుకోవచ్చునని 2000 సంవత్సరంలో ఒక అమెరికన్ కంపెనీ ప్రకటించింది. రాయల్టీ చెల్లించనక్కర లేదు. ముందస్తు అనుమతి కోరనక్కర లేదు. రెండేళ్లు తిరిగేసరికి అదే సియాటిల్ ప్రాంతానికి చెందిన ఒక చిన్న ప్రచురణ సంస్థ ఆ నియమాలను విప్పి, తనకు పనికిరానివాటిని పారవేసి, మిగిలినవాటితో ఆకాశంలో ఎగిరే సూపర్ హీరోల ఆటను నిర్మించింది. ఆ ఆట నిలదొక్కుకుని మూడు ప్రచురణలు పొందింది. 2023 జనవరిలో మొదటి కంపెనీ తన మాటను వెనక్కి తీసుకోబోయి, మూడు వారాల గొడవ తరువాత వెనుకంజ వేసింది. పసుపుపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును రద్దు చేయించడానికి 1997 వరకు పోరాడవలసి వచ్చిన దేశంలో, ఉమ్మడి సొత్తుగా అందరూ అనుభవిస్తున్న దానిపై ఒకరు హక్కు చెప్పడమంటే ఏమిటో వివరించనక్కర లేదు. అక్కడ వివాదం పేటెంటుది, ఇక్కడ కాపీరైటుది, ట్రేడ్‌మార్కుది. భయం మాత్రం ఒకే జాతికి చెందినది.

ముందుగా ఆట సంగతి. ఇది కంప్యూటర్ తెరపై ఆడేది కాదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వారిలో ఒకరు సూత్రధారి. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరిస్తారు. గళ్ల పటం తప్పనిసరి కాదు, చివరకు ఎవరు గెలిచారన్న లెక్కా ఉండదు. సూత్రధారి సన్నివేశం చెబుతాడు, పాత్రధారులు తామేమి చేస్తారో చెబుతారు. తలుపు బద్దలవుతుందా, దెబ్బ తగులుతుందా అన్న సందేహం వచ్చిన చోట పాచిక వేస్తారు. పచ్చీసులో గవ్వలు కాయ ఎన్ని గళ్లు కదలాలో చెబుతాయి, ఈ ఆటలో పాచిక కథ ఎటు కదలాలో చెబుతుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించగా 1974లో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా ఆటలకు ఆద్యం. దానిని ప్రచురించిన టీఎస్ఆర్ సంస్థ దివాలా అంచుకు చేరగా 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ కొనుగోలు చేసింది. 1999లో ఆ కంపెనీని బొమ్మల వ్యాపారంలో దిగ్గజమైన హాస్‌బ్రో కొనుగోలు చేసింది.

2000లో ఆట మూడో ప్రచురణ వెలువడినప్పుడు విజార్డ్స్ సంస్థలోని ర్యాన్ డాన్సీ అనే అధికారి ఒక ప్రతిపాదనను నెగ్గించుకున్నారు. కంప్యూటర్ రంగంలో రిచర్డ్ స్టాల్‌మన్ నడిపిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఆయనకు ఆదర్శం. అయితే ఇందులో వైరాగ్యమేమీ లేదు, శుద్ధ వ్యాపార లెక్కే. ఈ రంగంలో నాలుగు కాసులు తెచ్చేది ప్రధాన నియమ గ్రంథం. దానికి అనుబంధంగా వెలువడే చిన్న చిన్న సాహసగాథల పుస్తకాలు పెద్ద కంపెనీకి గిట్టుబాటు కావు. వాటిని ఇతరులు ముద్రించుకుంటే, కొన్న ప్రతివాడూ ప్రధాన గ్రంథం కోసం తమ వద్దకే వస్తాడు. ఊరి చెరువు తవ్వించిన భూస్వామి పొలానికే మొదట నీరు పారినట్లు!

అందుకు వెలువడినది ‘ఓపెన్ గేమ్ లైసెన్స్’. ఆ పత్రం నాలుగో నిబంధన ప్రకారం అనుమతి శాశ్వతమైనది, ప్రపంచమంతటా చెల్లేది, రాయల్టీ లేనిది. ప్రతిఫలంగా కొన్ని షరతులు ఉన్నాయి. లైసెన్సు పూర్తి పాఠాన్ని ప్రతి పుస్తకంలో ముద్రించాలి. ఏ భాగం ఇతరులకు తెరిచి ఉన్నదో, ఏది తమ సొంతమో గుర్తించి చూపాలి. తీసుకున్న నియమాలను సవరించి వేసిన దానిని కూడా ఇతరులకు తెరిచే ఉంచాలి. పదిహేనో నిబంధన కింద, ఎవరి పుస్తకం నుంచి ఎవరు తీసుకున్నారో వరుసగా పేర్కొనాలి. మన గృహ దస్తావేజుల్లో పూర్వ యజమానుల వివరాలు వరుసగా వచ్చినట్లు, ఈ జాబితా పుస్తకం నుంచి పుస్తకానికి పెరుగుతూ పోతుంది. కంపెనీ తన పాత్రల పేర్లను, కొన్ని ప్రసిద్ధ రాక్షసులను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

దీనితోపాటు మరో లైసెన్సు కూడా వచ్చింది. ‘డి20’ అనే ముద్రను పుస్తకం అట్టపై వేసుకోవడానికి ఇచ్చిన అనుమతి అది. ఇరవై ముఖాల పాచికకు ఆటగాళ్ల పరిభాషలో ఆ పేరు. ఆ ముద్ర కావాలంటే, పాత్రను తయారు చేసే పద్ధతిని పుస్తకంలో ముద్రించరాదు. కొనుగోలుదారును ప్రధాన గ్రంథం వైపు పంపడమే అందులోని ఉద్దేశం. పైగా ఇది కంపెనీ ఎప్పుడైనా మార్చుకోగల అనుమతి. నాలుగో ప్రచురణ వచ్చిన 2008లో కంపెనీ దానిని నిలిపివేసింది కూడా. ముద్రను నమ్ముకున్నవారు దెబ్బతిన్నారు. ముద్ర అక్కరలేదని, మొదటి లైసెన్సుతోనే సంపూర్ణమైన సొంత ఆట ముద్రించుకున్నవారు బతికి బట్టకట్టారు. సూపర్ హీరోల ఆట ఈ రెండో కోవకు చెందినది.

గ్రీన్ రోనిన్ అనే సంస్థను క్రిస్ ప్రామస్ 2000లో స్థాపించారు. అదే ఏడాది చివర స్టీవ్ కెన్సన్ అనే రచయిత ఒక కల్పిత సూపర్ హీరో నగరం వర్ణనను ఆయనకు పంపారు. ప్రచురిస్తాం గాని, కొత్త ఉచిత నియమాల ఆధారంగా సూపర్ హీరో ఆటను కూడా మీరే రాయాలన్నది ప్రామస్ పెట్టిన షరతు. ఆ విధంగా 2002లో ‘మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్’ వెలువడింది. మొదట పంపిన నగరం ‘ఫ్రీడమ్ సిటీ’ అన్న పేరుతో మరుసటి ఏడాది వచ్చింది.

కెన్సన్ ముందున్న చిక్కు

సూపర్ హీరోల ఆటలు అప్పటికి కొత్త కాదు. ‘విలన్స్ అండ్ విజిలాంటీస్’ 1979లో, ‘చాంపియన్స్’ 1981లో వచ్చాయి. టీఎస్ఆర్ సంస్థే 1984లో మార్వెల్ పాత్రలతో, మేఫెయిర్ సంస్థ 1985లో డీసీ పాత్రలతో ఆటలు ప్రచురించాయి. అయితే వీటి నియమాలు దేనికదే. ఒకటి నేర్చినవాడు మరొకటి మళ్లీ ఓనమాల నుంచి నేర్వవలసిందే. కొత్త లైసెన్సు తెచ్చిన సౌకర్యం ఇక్కడే ఉంది. ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్ర సామర్థ్యాన్ని దానికి కలిపి, నిర్ణీత అంకెను అందుకుంటే గెలుపు అన్న మూలసూత్రం అప్పటికే లక్షల మందికి కరతలామలకం. ఆ సూత్రాన్ని అట్టే పెట్టుకుని, మిగిలిన కట్టడాన్ని మార్చాలి. ఎంత మార్చాలన్నదే చిక్కు.

కత్తుల ఆటలో నాయకుడు మొదట అల్పుడు. ఎలుకలతో, గుంటనక్కలతో పోరాడి, అనుభవం గడించి, మెట్టు మెట్టుగా ఎక్కి చివరకు డ్రాగన్‌ను ఎదుర్కొంటాడు. ఏ వర్గానికి చెందినవాడన్నదీ ముందే నిర్ణయమవుతుంది. యోధుడైతే యోధుడే, మాంత్రికుడైతే మాంత్రికుడే. సూపర్ హీరోల కథ అలా నడవదు. సూపర్‌మ్యాన్ మొదటి కథలోనే మోటారు కారును ఎత్తి పడవేస్తాడు. కాబట్టి కెన్సన్ వర్గాలను, మెట్లను తొలగించారు. వాటి స్థానంలో ఆటగాడి చేతికి పాయింట్లు ఇచ్చి అంగడికి పంపినట్లు పంపారు. ఒక్కో శక్తి స్థాయికి 15 పాయింట్లు. సాధారణంగా ఆట మొదలయ్యే పదో స్థాయిలో 150 పాయింట్లు. బలం కొనుక్కుంటాడో, ఎగరడం కొనుక్కుంటాడో, పరుల మనసు చదివే విద్య కొనుక్కుంటాడో అతని ఇష్టం.

ఇష్టానికి హద్దు లేకపోతే ఉన్న పాయింట్లన్నీ ఒకే పిడిగుద్దులో పోసే గడుసువాడు ప్రతి బల్ల దగ్గరా ఒకడుంటాడు. దానికి ఒక కట్టుబాటు చేశారు. 2010-11లో వచ్చిన మూడో ప్రచురణ ప్రకారం, గురి, దెబ్బ బలం రెండూ కలిపి శక్తి స్థాయికి రెట్టింపు దాటరాదు. పదో స్థాయిలో ఆ మొత్తం 20. దెబ్బ 14 ఉన్న భారీకాయుడు గురి 6తో సరిపెట్టుకోవాలి. గురి 14 ఉన్న చురుకైనవాడి దెబ్బ 6 మించరాదు. భీముడు, అర్జునుడు ఒకే బల్ల వద్ద ఒకరికొకరు తీసిపోకుండా కూర్చోవడానికి ఈ చిన్న కూడిక చాలింది. మొత్తం పుస్తకంలో ఇంతకంటే చక్కని ఏర్పాటు లేదేమో.

అన్నింటికంటే పెద్ద శస్త్రచికిత్స దెబ్బల లెక్కకు జరిగింది. మూలంలో ప్రతి పాత్రకూ ప్రాణాంకాలు ఉంటాయి. కత్తి వేటుకు ఆరు, బాణానికి నాలుగు చొప్పున తరిగి, సున్నాకు వస్తే పాత్ర నేలకొరుగుతుంది. కామిక్ పుస్తకాల్లో తుపాకీ గుండ్లు కొందరి రొమ్ముపై నుంచి రాలిపోతాయి. అదే వీరుడు విలన్ కొట్టిన ఒక్క దెబ్బకు నాలుగు గోడలు చీల్చుకుని వెళ్లి పడి, మరుక్షణం లేచి దుమ్ము దులుపుకుంటాడు. తరిగే అంకెలతో ఈ దృశ్యం రాదు. అందుచేత ప్రాణాంకాలను పూర్తిగా తీసివేశారు. దెబ్బ తిన్నవాడు పాచిక వేసి తన దారుఢ్యాన్ని కలుపుకుంటాడు. దెబ్బ శ్రేణికి 15 కలిపితే వచ్చే అంకెను అందుకోవాలి. శ్రేణి 10 ఉన్న దెబ్బకు లక్ష్యం 25. దారుఢ్యం 10 ఉన్న వీరుడు పాచికపై 15 గాని అంతకు మించి గాని వేస్తే చెక్కుచెదరడు, అంటే నూటికి 30 వంతుల అవకాశం. కొద్దిలో తప్పితే తరువాతి దెబ్బలకు తట్టుకునే శక్తి ఒక అంకె తగ్గుతుంది. మరింత తప్పితే తల తిరుగుతుంది, ఇంకా తప్పితే కాళ్లు తడబడతాయి, నాలుగో మెట్టు దాటితే ఇక లేవడు. అభేద్యమన్న అదనపు గుణం కొనుక్కున్నవాడిపై ఆ గుణం శ్రేణిలో సగం గాని అంతకు తక్కువ గాని ఉన్న దెబ్బ అసలు పనిచేయదు. చిన్న పిస్తోలు గుండు మూడో శ్రేణి. అభేద్య శ్రేణి 10 ఉన్నవాడి ముందు అది రాలిన శనగగింజ.

శక్తుల వర్ణనలోనూ మార్పు తప్పలేదు. కత్తుల ఆటలో మంత్రాలు వందల సంఖ్యలో ఉంటాయి, దేని నియమం దానిదే. సూపర్ హీరోల శక్తులను ఆ విధంగా జాబితా వేయబూనితే పుస్తకం ఎక్కడా ముగియదు. శక్తి ఫలితాన్ని, దాని రూపాన్ని విడదీయడం ఇక్కడ కనుగొన్న ఉపాయం. గాయపరచడం ఒక ఫలితం, శ్రేణికి ఒక పాయింటు. దూరం నుంచి గాయపరచాలంటే మరో పాయింటు. పలువురిని ఒకేసారి గాయపరచాలంటే ఇంకొకటి. అది నిప్పా, మంచా, మెరుపా అన్నది ఆటగాడు ఇచ్చుకునే వర్ణన మాత్రమే. మన పురాణాల భాషలో చెప్పాలంటే ఆగ్నేయాస్త్రానికి, వారుణాస్త్రానికి వెల ఒకటే, సంధించేటప్పుడు చదివే మంత్రమే వేరు.

కొలతల సంగతి మరీ ఆసక్తికరం. పత్తేదారు నుంచి పర్వతాన్ని ఎత్తేవాడి వరకు ఒకే పట్టికలో ఇమడాలి. మూడో ప్రచురణలో శ్రేణి ఒకటి పెరిగితే ఎత్తగల బరువు రెట్టింపవుతుంది. సున్నా శ్రేణికి 50 పౌండ్లు, అంటే సుమారు 23 కిలోలు. పదో శ్రేణికి 25 టన్నులు. ఇరవయ్యో శ్రేణికి 25 వేల టన్నులు. చదరంగం గళ్లలో గింజలు రెట్టిస్తూ పోయిన కథ తెలిసినవారికి ఈ లెక్క సులభంగానే బోధపడుతుంది. రెట్టింపు పద్ధతిని 1985 నాటి మేఫెయిర్ ఆట కూడా అనుసరించింది. 2002లో వచ్చిన తొలి ప్రచురణ మాత్రం మూలంలోని ఆరు సహజ గుణాలను, వాటి పాత కొలతలను అలాగే మోసింది. అరువు తెచ్చుకున్న ఇంట్లో పాత యజమాని బీరువా మిగిలిపోయినట్లు అవి చాలాకాలం ఉన్నాయి. మూడో ప్రచురణలో గాని వాటిని ఖాళీ చేయలేదు, గుణాలు ఎనిమిది అయ్యాయి.

మరొక మార్పు కథకు సంబంధించినది. నాయకుడికి బలహీనత ఉండాలి, రహస్య జీవితం ఉండాలి, సమయానికి చిక్కులు రావాలి. ‘చాంపియన్స్’లో బలహీనత రాసుకున్నవాడికి ముందుగానే పాయింట్లు దక్కేవి. ఫలితంగా, ఆటలో ఎన్నడూ ఎదురుకాని బలహీనతలను ఏరి ఏరి రాసుకునేవారు. కెన్సన్ ఆట రెండో ప్రచురణ, అంటే 2005 నుంచి, బలహీనత వల్ల ఆటలో నిజంగా కష్టం వచ్చినప్పుడే ఒక హీరో పాయింటు ఇస్తారు. తరువాత ఆపద సమయంలో పాచికను మళ్లీ వేయడానికి దానిని ఖర్చు చేసుకోవచ్చు. మొదటి అంకంలో ఓడిన వీరుడు చివరి అంకంలో గెలవడం ఈ విధంగా నియమాలలోనే ఇమిడింది.

న్యాయస్థానాల మాట

ఇక్కడ ఒక సందేహం రాకమానదు. ఆట నియమాలకు కాపీరైటు ఉంటుందా? సూటిగా చెప్పాలంటే ఉండదు. పద్ధతిని వర్ణించిన మాటలకే రక్షణ గాని పద్ధతికి కాదని అమెరికా సుప్రీంకోర్టు 1879లోనే బేకర్, సెల్డెన్ వ్యాజ్యంలో తేల్చింది. భావానికి కాపీరైటు లేదని మన సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో చెప్పింది. ఆటల విషయంలో మన దేశంలోనే ఒక ముచ్చటైన ఉదాహరణ ఉంది. కోల్‌కతాకు చెందిన ఇద్దరు సోదరులు ‘స్క్రాబ్యులస్’ అన్న పేరుతో కంప్యూటర్‌లో ఆడే పదాల ఆట తయారు చేశారు. ‘స్క్రాబుల్’ హక్కుదారైన మాటెల్ కంపెనీ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. ఆ ఆట పటానికి, నియమాలకు కాపీరైటు వర్తించదని 2008 సెప్టెంబరులో కోర్టు అభిప్రాయపడింది, పేరు వాడకాన్ని మాత్రం ట్రేడ్‌మార్కు చట్టం కింద నిలిపివేసింది. సోదరులు పేరు మార్చుకున్నారు, ఆట సాగింది. ఉత్తర అమెరికాలో ‘స్క్రాబుల్’ హక్కులు ఎవరివయ్యా అంటే, డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు సొంతదారైన ఆ హాస్‌బ్రోవే!

మరి నియమాలు ఎవరివీ కానప్పుడు లైసెన్సు ఎందుకు? ఎందుకంటే నియమం ఎక్కడ ముగుస్తుందో, దానిని వర్ణించిన మాట ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి చివరకు న్యాయమూర్తి కావాలి. న్యాయమూర్తి దాకా వెళ్లడానికి డబ్బు కావాలి. 1990 దశకం ప్రారంభంలో టీఎస్ఆర్ తన ఆటకు అనుబంధ పుస్తకాలు వేసిన మేఫెయిర్‌పై దావా నడిపింది, తుదకు ఆ పుస్తకాల హక్కులనే కొనివేసింది. ఇటువంటి వ్యాజ్యం చిన్న ప్రచురణకర్తకు గెలిచినా ఓటమే. లైసెన్సు ఇచ్చినది కొత్త హక్కు కాదు, వ్యాజ్యం రాదన్న భరోసా. ఆ భరోసాపైనే పాతికేళ్లుగా ఎందరో ఉపాధి పొందారు.

పేర్ల విషయంలో మాత్రం ఏ లైసెన్సూ అక్కరకు రాదు. సూపర్‌మ్యాన్ డీసీ సొత్తు, స్పైడర్‌మ్యాన్ మార్వెల్ సొత్తు. ‘సూపర్ హీరో’ అన్న మాటనే ఆ రెండు కంపెనీలు దశాబ్దాలపాటు ఉమ్మడి ట్రేడ్‌మార్కుగా అట్టేపెట్టుకున్నాయి. ఒక చిన్న కామిక్స్ సంస్థ సవాలు చేయగా అవి గడువులోగా సమాధానమే ఇవ్వకపోవడంతో 2024 సెప్టెంబరులో అమెరికా ట్రేడ్‌మార్కు అధికారులు ఆ నమోదులను రద్దు చేశారు. ఆటగాళ్లు తమ పాత్రలను మార్వెల్ వీరులను పోలినట్లు తయారు చేసుకోగలుగుతున్నారన్న ఆరోపణతో ‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే కంప్యూటర్ ఆటపై మార్వెల్ 2004లో దావా వేసింది, 2005 డిసెంబరులో రాజీ కుదిరింది. గ్రీన్ రోనిన్ మొదటి నుంచి సొంత నగరం, సొంత వీరులను కల్పించుకున్నది అందుకే. డీసీ వీరులతో 2010లో ‘డీసీ అడ్వెంచర్స్’ వేసినప్పుడు ఆ కంపెనీ నుంచి విడిగా లైసెన్సు తీసుకుంది. నియమాలు మాత్రం తన ఆటవే.

మూడు వారాల గొడవ

2023 జనవరి 5న బయటపడిన కొత్త లైసెన్సు ముసాయిదా ఈ ఏర్పాటు పునాదిని కదిపింది. ఏడాదికి 50 వేల డాలర్లు మించి ఆదాయం ఉన్నవారు లెక్కలు చూపాలి. ఏడున్నర లక్షల డాలర్లు దాటితే ఆ పై మొత్తంలో 25 శాతం వరకు రాయల్టీ చెల్లించాలి. అంతకంటే ముఖ్యం, 2000 నాటి లైసెన్సు ఇక ‘అధికృతం’ కాదన్న వాక్యం. పాత లైసెన్సు తొమ్మిదో నిబంధనలో, కంపెనీ అధికృతం చేసిన ఏ పాఠాన్నయినా వాడుకోవచ్చునని ఉంది. ఆ ఒక్క మాటను పట్టుకుని తలుపు మూయవచ్చునని కంపెనీ న్యాయవాదులు భావించినట్లున్నారు. శాశ్వతమని రాసిన పత్రంలో ‘ఉపసంహరించరానిది’ అన్న మాట లేకపోవడం కూడా అప్పుడే అందరికీ గుర్తుకు వచ్చింది.

ఆటగాళ్లు భగ్గుమన్నారు. పైజో అనే పోటీ సంస్థ ఏ ఒక్క కంపెనీ అధీనంలోనూ ఉండని మరో లైసెన్సు తెస్తామని జనవరి 12న ప్రకటించగా, మొదటనే చేయి కలిపిన సంస్థల్లో గ్రీన్ రోనిన్ ఒకటి. విజార్డ్స్ సవరించిన ముసాయిదాపై అభిప్రాయ సేకరణ జరపగా 15 వేల మందికి పైగా స్పందించారు. కొత్త లైసెన్సు కింద తాము ప్రచురించబోమని వారిలో 88 శాతం, పాతదానిని రద్దు చేయడం తమకు సమ్మతం కాదని 89 శాతం చెప్పారు. జనవరి 27న కంపెనీ దిగివచ్చింది. పాత లైసెన్సును ముట్టుకోబోమని ప్రకటించడమే కాక, 2014లో మొదలైన ఐదో ప్రచురణ మౌలిక నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసింది. ఆ లైసెన్సును నిర్వహించేది వేరొక సంస్థ, తిరిగి తీసుకోవడం విజార్డ్స్ చేతిలో లేదు. పైజో లైసెన్సు ఆ ఏడాది జూన్‌లో పూర్తయింది. ఐదో ప్రచురణ సవరించిన నియమాలు కూడా 2025 ఏప్రిల్‌లో క్రియేటివ్ కామన్స్‌లోకి వచ్చాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అలా విడుదలైనవి ఐదో ప్రచురణ నియమాలు. సూపర్ హీరోల ఆట పుట్టినది 2000 నాటి మూడో ప్రచురణ నియమాల నుంచి. అవి క్రియేటివ్ కామన్స్‌లోకి రాలేదు, పాత లైసెన్సు కిందనే ఉండిపోయాయి. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ మూడో ప్రచురణ పుస్తకాల వెనుక పుటలో ఆ లైసెన్సు పూర్తి పాఠం అచ్చయి ఉంటుంది, తొమ్మిదో నిబంధనతో సహా. ‘అధికృతం’ అన్న మాటకు అర్థమేమిటో చెప్పవలసిన అవసరం ఇంతవరకు ఏ న్యాయస్థానానికీ కలగలేదు.